నెమలి బొమ్మ కవరు

ఒకప్పుడు నేను పనిచేసిన పార్కు గేటు దగ్గర ఇప్పుడు పనిచేసే అమ్మాయిలు రేణిగుంట కూరగాయల మార్కెట్లో కనిపిస్తే, "అక్కా, నువ్వు ఉన్నెప్పుడు గూడా జనాలు ఇట్లనే తిడతా ఉండిరా?" అని అడుగుతారు. "ఇంతకన్నా ఎక్కువే" అంటాను. వాళ్లు నవ్వుతారు, నేనూ నవ్వుతాను. తిట్లు తిన్న సంగతులు ఎన్నయినా నవ్వుతూ చెప్పుకోవచ్చు. ఒక్క సంగతి మాత్రం ఇంతవరకూ ఎవరికీ పూర్తిగా చెప్పలేదు. అమ్మాయిలూ, ఆ గేటు బల్లల వెనక ఇప్పుడు మీరు నిలబడుతున్నారు కాబట్టి మీకోసమే రాస్తున్నాను.

తిరుపతికి బయట, రేణిగుంట వైపు ఉన్న పార్కు అది. నీళ్లలోకి జారే బల్లలు, అలల కొలను, రంగులరాట్నం, పిల్లల రైలు, అన్నీ ఉండేవి. మొదట టికెట్ల కౌంటర్లో చేరాను. తర్వాత గేటు దగ్గర ఆడవాళ్ల సంచులు తనిఖీ చేసే బల్లకు మార్చారు. రిటైరయ్యేదాకా, మధ్యలో కొన్ని నెలలు తప్ప, ఆ బల్ల దగ్గరే ఉన్నాను. వచ్చేవాళ్లలో సగం మంది కొండకు పోయి దర్శనం చేసుకుని దిగినవాళ్లు. గుండ్లు, గుండ్ల మీద చందనం, చేతిలో లడ్డూ సంచి. పిల్లలు బస్సులో నుంచే మా రంగులరాట్నం చూసి ఏడుపు అందుకుంటారు కాబట్టి పెద్దవాళ్లు దిగక తప్పదు.

ప్లాస్టిక్ నిషేధం పెట్టక ముందు మా పార్కు సాయంత్రం పూట ఎలా ఉండేదో మీరు చూడలేదు. కొలను నీళ్ల మీద చిప్స్ పొట్లాలు తేలుతూ ఉండేవి. కవర్లు పోయి మోటార్ల జాలీలకు అడ్డం పడేవి. వెనక గోడ అవతల ఆవులు మా చెత్త తిని పడిపోయేవి. ఒక ఆవు కడుపు కోసి తీసిన కవర్ల ముద్దను పశువుల డాక్టరు మా మేనేజరు గది ముందు పెట్టి పోయాడు. నేను ఆ ముద్దను కళ్లారా చూశాను. అందుకే నిషేధం పెడుతున్నామని మీటింగులో చెప్పినప్పుడు మనస్ఫూర్తిగా తలూపాను. నీళ్ల సీసాలు, కవర్లు, పొట్లాలు, వాడి పారేసే గ్లాసులు, స్పూన్లు ఏవీ లోపలికి పోకూడదు. లోపల తాగునీళ్ల కొళాయిలు, స్టీలు గ్లాసులు పెట్టారు. గేటు దగ్గర గుడ్డ సంచులు ఇచ్చారు. మంచి పనే. ఇప్పటికీ మంచి పనే అంటాను.

జనం మాత్రం మమ్మల్ని ఇంట్లో దూరిన దొంగల్ని చూసినట్టు చూసేవాళ్లు.

"కొండ మీద సీసా వద్దంటే ఊరుకున్నారు కదా సార్, ఇక్కడ మాత్రం ఎందుకు గొడవ?" అని ఒకాయన్ను అడిగాను.

"ఆడ దేవుడుండాడు. ఈడ ఎవురుండారు? నువ్వా?" అన్నాడు.

ఒకడు రెండు లీటర్ల సీసా మా ముందే నిలబడి, మా మీది కోపంతో గుటగుటా తాగేసి, ఖాళీ సీసా నా బల్ల మీద పెట్టి పోయాడు. ఒక కుటుంబం గేటుకు అడ్డంగా బాసింపట్టు వేసుకుని కూర్చుని, తెచ్చిన పొట్లాలన్నీ విప్పి తిని, చేతులు దులుపుకుని లేచింది. ఒకామె తన చిన్నపిల్ల గౌనులో కుర్‌కురే పొట్లాలు దాచింది. పిల్ల నడిచినప్పుడల్లా చప్పుడు. ఇవన్నీ తల్చుకుంటే నవ్వొస్తుంది. కానీ అందరూ అట్లా ఉండేవాళ్లు కాదు. ఒకడు విసిరిన సీసా నా భుజానికి తగిలింది. ఇంకొకడు నా మెడలోని కార్డు మీద పేరు గట్టిగా చదివి, "బస్సుకు ఈ దావనే గదా పోతావు? సూస్తాలే" అన్నాడు. అప్పటినుంచి డ్యూటీ అయ్యాక బస్టాపు దాకా నడవాలంటే భయం. మోటారు సైకిలు పక్కన ఆగితే చాలు, కార్డును చీర చెంగు కిందికి తోసేసేదాన్ని.

మా గేటు సెక్యూరిటీ పెద్దాయన రేణిగుంటలో ఏదో ఫ్యాక్టరీలో చేసి వచ్చినవాడు. "మెత్తగా ఉంటే మీద పడతారు తల్లీ. మొగం గట్టిగా పెట్టుకో, మాట తక్కువ మాట్లాడు" అని చెప్పాడు. అలాగే చేశాను. రోజులు గడిచేకొద్దీ ముఖం గట్టిపడింది, చెవులు కూడా గట్టిపడ్డాయి. అది నాకు అప్పుడు తెలియలేదు.

ఇంకొక మాట. మా గేటు దగ్గర "మందు" అనే మాటకు రెండు అర్థాలు. సీసా పట్టుకుంటే ప్రతివాడూ "మందుండాది మేడం" అనేవాడు. ఏ మందో మూత తీసి వాసన చూస్తే తెలిసేది.

రూలు మంచిదే ఉండేది. తీసుకున్న ప్రతి వస్తువుకూ ఒక నంబరు టోకెను కట్టి, సగం వాళ్ల చేతికి ఇచ్చి, వస్తువును వెనక అరలో పెట్టాలి. పోయేటప్పుడు టోకెను చూపించి తీసుకుంటారు. మామూలు రోజుల్లో అలాగే జరిగేది.

అది ఎండాకాలం సెలవుల్లో ఒక ఆదివారం. నేను చర్చికి పోకుండా తెల్లారే డ్యూటీకి వచ్చాను. పది గంటలకే రోడ్డు మీద బస్సులు ఆగిపోయాయి. గేటు ముందు తలలు తప్ప నేల కనిపించడం లేదు. ఇనుప గొట్టాల వరసలు దాటి జనం పక్కలనుంచి వచ్చేస్తున్నారు. వెనకవాళ్లు తోస్తుంటే ముందువాళ్లు వచ్చి నా బల్లకు గుద్దుకుంటున్నారు. బల్ల జరిగి జరిగి నా పొట్టకు ఆనుకుంది. వెనక గోడ. ఇంకొక తోపు వస్తే నేను మధ్యలో నలిగిపోతానని అనిపించింది. ఒక పిల్ల ఎక్కడో కాళ్ల కింద ఏడుస్తోంది, కనిపించదు.

పదకొండు గంటలకల్లా టోకెన్లు అయిపోయాయి. మేనేజరుకు ఫోన్ చేశాను.

"టోకెన్లు లేకుంటే వద్దు. లైన్ ఆగకూడదు. తొక్కిసలాట అయిందంటే అందరం జైల్లో ఉంటాం. తీసి చెత్త డ్రమ్ముల్లో వేయండి."

"అడిగితే ఏం చెప్పేది సార్?"

"పోయేటప్పుడు ఇస్తామని చెప్పండి."

డ్రమ్ములో పడింది తిరిగి ఇవ్వలేమని ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. గంటకొకసారి ట్రాక్టరు వచ్చి డ్రమ్ములు ఎత్తుకుపోయేది.

ఆ తర్వాత ఒకడు వచ్చాడు. మగవాళ్ల వరసలో జనం ఎక్కువని నా బల్ల దగ్గరకు దూరాడు. చేతిలో కూల్‌డ్రింక్ సీసా. "మా నాయనకు షుగరు మందు కలిపినాం" అన్నాడు. మూత తీస్తే బ్రాందీ. డ్రమ్ములో వేశాను. వాడు బల్ల మీద గుద్ది నా మణికట్టు పట్టుకుని లాగాడు. గాజులు పగిలి చర్మంలో దిగాయి. వాడి ముఖం నా ముఖానికి జానెడు దూరంలో ఉంది. పెద్దాయన వచ్చి వాడి మెడ పట్టి అవతలికి తోసేదాకా వాడు నా చెయ్యి వదల్లేదు. కొంగుతో రక్తం తుడుచుకుని తలెత్తితే వరసలో తర్వాతి మనిషి ఒక ముసలామె.

గుండు చేయించుకుని ఉంది. ఆరిన చందనం చెవుల దాకా కారింది. చేతిలో బట్టల కొట్టువాళ్లు ఇచ్చే కవరు, దాని మీద నెమలి బొమ్మ. పైన ముడి మీద ముడి వేసి ఉంది.

"కవరు లోపలికి పోదమ్మా" అని పట్టుకున్నాను.

"అమ్మణ్ణీ, రవంత ఆగు. మా కోడలు ముందర పోయినాది. అందులో బిడ్డ మందుండాది."

మందు. ఆ మాట వినగానే మణికట్టు మళ్లీ మండినట్టయింది. కవరు మీదనుంచే తడిమి చూశాను. గుండ్రంగా, గట్టిగా, సీసాలాగా తగిలింది.

"సీసానే కదా ఇది" అన్నాను.

"సీసా కాదమ్మణ్ణీ, అది…"

"అందరూ ఇదే చెప్తారు."

వెనకనుంచి ఎవరో అరిచారు. "ఏందప్పా ఆలస్యం? ఎండకు సచ్చిపోతా ఉండాం!" మళ్లీ తోపు. బల్ల నా పొట్టలో గుచ్చుకుంది. ఆమె కవరు వదలడం లేదు. లాక్కున్నాను. వేళ్లలో బలం లేదు, వచ్చేసింది. డ్రమ్ములో వేశాను.

"పోయేటప్పుడు ఇస్తాం పోమ్మా."

"ఇస్తారా?"

"ఇస్తాం."

ఆమె నా కళ్లలోకి చూసింది. నమ్మింది. నమ్మి లోపలికి పోయింది. ఇదంతా జరగడానికి అర నిమిషం కూడా పట్టి ఉండదు. ఆమె తర్వాత ఇంకా కొన్ని వందల మంది వచ్చారు. సాయంత్రం ఎవరైనా అడిగి ఉంటే ఆ ముసలామె నాకు గుర్తుండేది కూడా కాదు.

మూడు గంటలప్పుడు జనం పలచబడ్డారు. గోడ నీడలో కూర్చుని డబ్బా విప్పాను. పక్కనున్న వాకీటాకీలో మాటలు వస్తున్నాయి. అలల కొలను దగ్గర పాపకు ఊపిరాడటం లేదని, ఫస్ట్ ఎయిడ్ గదికి తెస్తున్నారని. ఎండాకాలంలో అలాంటివి రోజుకు రెండు మూడు వినేవాళ్లం. ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నాను.

అప్పుడు ఒకామె కొలను వైపునుంచి గేటుకు పరుగెత్తుకొచ్చింది. తడిసిన బట్టలు, చెప్పుల్లేని కాళ్లు. కాలుతున్న బండల మీద ఆ కాళ్లు ఎలా పెట్టిందో.

"కవరు! నెమలి బొమ్మ కవరు! మా అత్త చేతిలో పెరుక్కున్నారంట. యాడ పెట్టినారు? బిడ్డ పంపుండాది అందులో. నీలం పంపు, ఊపిరి పంపు!"

నోట్లోని ముద్ద మింగుడు పడలేదు. కవరు, ముడులు, చేతికి తగిలిన గట్టి వస్తువు, అన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి.

అప్పుడు నేను చేసిన మొదటి పని ఏమిటో చెబితే మీకు నా మీద మర్యాద పోతుంది. అయినా చెప్పాలి. "ఏ గేటులో ఇచ్చారమ్మా?" అని అడిగాను. మా పార్కుకు ఉన్నది ఒకటే గేటు.

ఆమె నన్ను రెండు భుజాలూ పట్టుకుని కుదిపేసింది. "నీకు బిడ్డల్లేరా మే!"

లేచాను. నా డ్రమ్ముల దగ్గరకు పరుగెత్తాను. ఖాళీ. రెండు గంటల ట్రాక్టరు పోయింది, దానికి ముందరిదీ పోయింది. "వెనక షెడ్డుకు పోయింటాయి" అని పెద్దాయన తన మోపెడ్ స్టార్టు చేశాడు. వెనక ఎక్కాను. తల్లి మళ్లీ బిడ్డ దగ్గరకు పరుగెత్తింది.

గేటునుంచి షెడ్డుకు పార్కు చుట్టూ తిరిగి పోవాలి. వాకీటాకీ నా ఒళ్లో ఉంది. ఫస్ట్ ఎయిడ్ గది సిస్టరు మాట్లాడుతోంది. ఆ గదిలో ఉన్నవి కట్టు గుడ్డలు, కాలిన గాయాల మందు, ఓఆర్‌ఎస్ పొట్లాలు, ఒక ఆక్సిజన్ సిలిండరు. ఉబ్బసానికి కావలసిన మందు లేదు. పార్కు వ్యాను చెయ్యి విరిగిన ఇంకొకతన్ని తీసుకుని కాసేపటి ముందే తిరుపతి పోయింది. అంబులెన్సుకు ఫోన్ చేశారు, బయలుదేరింది, కానీ రోడ్డు నిండా బస్సులు.

"పాప కూర్చోలేకపోతోంది. మాట రావడం లేదు. పెదవుల రంగు మారుతోంది. పంపు దొరికిందా? ఎవరైనా చెప్పండి, దొరికిందా?"

ఆ సిస్టరు ఎప్పుడూ గొంతు పెంచి మాట్లాడే మనిషి కాదు. ఆ రోజు అరుస్తోంది. అది విని నాకు ఇంకా భయం వేసింది. ప్రభువా, ప్రభువా అని తప్ప ప్రార్థనలో రెండో మాట రాలేదు.

షెడ్డులో అయిదుగురు ఆడవాళ్లు చెత్త వేరు చేస్తున్నారు. గుట్ట మనిషి ఎత్తు ఉంది. అంతకన్నా భయపెట్టింది వాళ్ల చురుకుదనం. సగం పని అప్పటికే అయిపోయింది. కవర్లన్నీ విప్పి, లోపలివి కుమ్మరించి, కవర్లు ఒక పక్కకు, సీసాలు ఒక పక్కకు, పొట్లాలు ఒక పక్కకు వేసేశారు. సీసాలను అణిచి కట్టలు కట్టే యంత్రం నడుస్తోంది. అది సీసాలను నొక్కే చప్పుడు ఎముకలు విరిచినట్టు ఉంది.

"నెమలి బొమ్మ కవరు! నెమలి బొమ్మ కవరు చూసినారా?"

అక్కడి మేస్త్రీ అమ్మ కవర్ల కుప్ప చూపించింది. "అవే సగముండాయి సూడు. ఆ కొట్టోళ్లవి దినామూ వస్తాయి."

కుప్పలో చేతులు పెట్టాను. నెమలి, నెమలి, నెమలి. అన్నీ ఖాళీ. ఒకదానికి పైన ముడి మీద ముడి ఉంది. విప్పలేక పక్కన చించారు. ఆ ముడి నాకు తెలుసు. అదే కవరు. లోపల ఒక బిస్కెట్టు ముక్క తప్ప ఏమీ లేదు.

సీసాలాగా ఉండే వస్తువు సీసాల్లోకే పోయి ఉంటుంది. సీసాలు యంత్రంలోకి పోతున్నాయి.

"ఆపండి! ఆ మిషను ఆపండి!" అని అరిచాను. పెద్దాయన పరుగెత్తి స్విచ్చి ఆపాడు. ఒక్కసారిగా షెడ్డంతా నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో వాకీటాకీలోంచి ఇంకొక చప్పుడు వినిపించింది. సిస్టరు బటను నొక్కి పట్టుకుని ఉన్నట్టుంది. ఆ పాప ఊపిరి. ఈల వేసినట్టు సన్నగా వస్తోంది, ఆగుతోంది, మళ్లీ వస్తోంది. ఆగినప్పుడల్లా మేమందరం ఆగిపోయాం.

"ఎట్లుంటాదది?" మేస్త్రీ అమ్మ అడిగింది.

"నీలం పంపు. చిన్నది. దాంతోపాటు గట్టిగా, సీసా మాదిరి…"

అప్పటిదాకా వెనక నిలబడిన ఒక సన్నటామె చేతి తొడుగులు తీసేసి, గోడవార పెట్టుకున్న తన అన్నం డబ్బా దగ్గరకు నడిచింది. డబ్బా పక్కన పిల్లలు పంపు మందు పీల్చడానికి వాడే, అద్దంలా కనిపించే లావుపాటి ప్లాస్టిక్ గొట్టం ఉంది. దాని ఒక కొనకు నీలం పంపు తగిలించి ఉంది.

"ఇదా సూడక్కా? సీసాల్లో ఏద్దామనుకున్న్యా. రెండు పక్కలా బొక్కలుండాయి. ఇదేందో బిడ్డలదని పక్కన పెట్టినా."

నేను చదువుకున్నదాన్ని. యూనిఫాం వేసుకుని, మెడలో కార్డు తగిలించుకున్నదాన్ని. ఆమెకు సంతకం రాదు. నేను తడిమి సీసా అన్నదాన్ని ఆమె కళ్లతో చూసి ఆగింది. అంతే తేడా.

తిరిగి వచ్చిన దారి నాకు గుర్తులేదు. గొట్టాన్ని గుండెకు గట్టిగా పట్టుకున్నందుకు రవికె మీద పడ్డ మురికి మరక మాత్రం గుర్తుంది.

ఫస్ట్ ఎయిడ్ గదిలో మంచం మీద ఆ పాప ముందుకు వంగి, రెండు చేతులూ మోకాళ్ల మీద ఊనుకుని ఉంది. ఏడేళ్లుంటాయేమో. దానికీ గుండే. మెడ దగ్గర గుంట ప్రతి ఊపిరికీ లోపలికి పీక్కుపోతోంది. కళ్లు పెద్దవి చేసి ఎవరినీ చూడకుండా ఎదురుగా చూస్తోంది. సిస్టరు గొట్టం లాక్కుని, తుడిచి, పంపు ఊపి, పాప నోటికి పెట్టింది. ఒకసారి నొక్కింది. "పీల్చమ్మా, మెల్లగా." పీల్చడం చేతకావడం లేదు. మళ్లీ. మూడోసారి. నాలుగోసారి. ఏమీ మారలేదు. తల్లి పాప వీపు మీద చెయ్యి వేసి అలాగే బిగుసుకుపోయింది. నేను గుమ్మంలో నిలబడి, మంచం కింద తడిసిన చిన్న పాదముద్రలను చూస్తున్నాను. పాప ముఖం చూసే ధైర్యం లేదు.

ఎంతసేపయిందో చెప్పలేను. ఈల సన్నగా మారింది. మెడ గుంట కొంచెం నిండింది. పాప తల తిప్పి "అమ్మా" అంది. ఆ ఒక్క మాటకు సిస్టరు గోడకు ఆనుకుని నేల మీద కూర్చుండిపోయింది.

అప్పుడు అంబులెన్సు వచ్చింది. అయినా ప్రమాదం పోలేదన్నారు. ఆస్పత్రిలో పెట్టి చూడాలని తిరుపతి తీసుకుపోయారు.

తర్వాత పాప కోలుకుని ఇంటికి పోయింది. నాకు మెమో వచ్చింది. మూడు నెలలు ఎండలో బండ్ల పార్కింగులో వేశారు. టోకెన్లు లేకుండా ఏదీ తీసుకోకూడదన్న నోటీసు మీద మేనేజరే సంతకం పెట్టాడు. మందుల కోసం గేటు దగ్గర వేరే బల్ల పెట్టారు, ఆ బల్ల ఇప్పుడు మీరు చూస్తున్నదే. ఫస్ట్ ఎయిడ్ గదికి కావలసిన మందులు వచ్చాయి. ఇవన్నీ ఆఫీసు కాగితాల్లో ఉన్న సంగతులు. కాగితాల్లో లేనిది ఆ సాయంత్రం ఆస్పత్రి వరండాలో జరిగింది.

బయలుదేరే ముందు మేనేజరు నన్ను గదిలోకి పిలిచాడు. చెడ్డవాడు కాదు. ఒక తెల్ల కాగితం నా ముందుకు జరిపాడు.

"ముసలామె తనంతట తనే కవరు ఇచ్చిందని రాయి. మందు సంగతి చెప్పలేదని రాయి. చెప్పిందని ఎవరికి తెలుసు? నువ్వు చెప్పావంటే కేసవుతుంది. నీ ఉద్యోగం, నా ఉద్యోగం, అన్నీ పోతాయి."

కాగితం అక్కడే వదిలేసి, పాప ఎలా ఉందో చూసి వస్తానని చెప్పి బస్సెక్కాను. దారి పొడవునా ఆలోచించింది ఒకటే. ఆయన చెప్పింది నిజం, ఎవరికీ తెలియదు. ఆ గొడవలో ఆమె మాట విన్నది నేనొక్కదాన్నే. మా ఆయనకు గోడౌనులో పని పోయి ఆర్నెల్లయింది. ఇంటికి వచ్చేది నా జీతం ఒక్కటే. బస్సు ఆస్పత్రి స్టాపులో ఆగినప్పుడు దిగకుండా ముందుకు పోదామా అనుకున్నాను కూడా. కండక్టరు "దిగేది ఉండాదా లేదా?" అని అరిస్తే దిగాను.

వరండాలో ఆ కుటుంబం ఉంది. గూడూరువాళ్లు. కొడుకు అక్కడ నిమ్మకాయల మార్కెట్లో పనిచేస్తాడట. పాప లోపల ఉంది, ఆక్సిజన్ పెట్టారు, తల్లి దాని దగ్గర ఉంది. ముసలామె గోడవార నేల మీద కూర్చుని ఉంది. కొడుకు ఆమె ముందు నిలబడి ఉన్నాడు.

"నీకు బుద్ధుండాదా మా? కవరు పీక్కుంటే ఊరికే ఇచ్చేస్తావా? మందుండాదని ఒక్క మాట సెప్పుంటే సాలు గదా! లోపలికొచ్చినాకన్నా మాకు సెప్పినావా? నోరు పడిపోయినాదా నీకు? బిడ్డకేమన్నా అయ్యుంటే!"

ఆమె తల వంచుకుని ఉంది. "నువ్వు తిడతావని భయమేసినాది నాయనా. పోయేటప్పుడు ఇస్తామన్న్యారు గదా అని…"

"గేటు కాడ సెప్పినావా లేదా? అది సెప్పు!"

ఆమె అటు చూసింది, ఇటు చూసింది. మధ్యాహ్నం నుంచి అందరూ ఎన్నిసార్లు అడిగారో ఏమో, గుర్తు తెచ్చుకోవాలన్నట్టు గుండు తడుముకుంది.

వరండా మధ్యలో నిలబడ్డాను. ఇంకా వాళ్లు నన్ను చూడలేదు. వెనక్కి తిరిగిపోయే దారి ఖాళీగా ఉంది. ఆ రోజంతా నేను భయపడుతూనే ఉన్నాను. తోపుకు, మణికట్టు పట్టుకున్నవాడికి, యంత్రం చప్పుడుకు, ఆగిపోయే ఊపిరికి. అవన్నీ ఒక ఎత్తు, ఆ నాలుగు అడుగులు ఒక ఎత్తు.

"ఆమె చెప్పిందన్నా" అన్నాను.

అతను తిరిగి చూశాడు.

"గేటు దగ్గర కవరు లాక్కున్నది నేనే. బిడ్డ మందు ఉందని మీ అమ్మ చెప్పింది. ఒకసారి కాదు, మళ్లీ చెప్పబోయింది. నేనే చెప్పనీయలేదు. పోయేటప్పుడు ఇస్తామని చెప్పింది నేనే. అది అబద్ధం. ఇచ్చే వీలు లేదని నాకు అప్పుడే తెలుసు."

అతను నా మీదకు రెండు అడుగులు వేశాడు. చెయ్యి పైకి లేచింది. కళ్లు మూసుకున్నాను. దెబ్బ పడలేదు. కళ్లు తెరిచేసరికి అతను గోడ వైపు తిరిగి, రెండు చేతులూ గోడకు ఆనించి, భుజాలు కదిలిపోయేలా ఏడుస్తున్నాడు.

ముసలామె నేల మీదనుంచి నా వైపు చూస్తోంది.

"నేను సెప్పినానా అమ్మణ్ణీ?"

"చెప్పావమ్మా."

"నిజంగా సెప్పినానా? మద్దేనం నుంచీ సెప్పినానో లేదో నాకే తెలీకపాయ. సెప్పలేదేమో, నేనే బిడ్డను సంపుకుంటా ఉండానేమో అని…"

"చెప్పావు. నేను విన్నాను."

ఆమె కొడుకు వీపు వైపు చూసింది. "సూసినావా నాయనా, నేను సెప్పినానంట" అంది. అందులో గెలుపు లేదు. చాలాసేపు నీళ్లలో ఉండి పైకి వచ్చిన మనిషి మాటలా ఉంది.

తర్వాత నా వైపు తిరిగింది. క్షమించమని అడుగుదామని నోరు తెరిచాను. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"ఇప్పుడొచ్చి సెప్పినావు, మంచిదే. పొద్దున ఇన్యుంటే సాలిపోయేది గదమ్మణ్ణీ."

అంతే అంది. గోడ పట్టుకుని లేచి, మనవరాలు ఉన్న గది తలుపు దగ్గరకు పోయి, అద్దంలోంచి లోపలికి చూస్తూ నిలబడింది. మళ్లీ నా వైపు చూడలేదు.